యూరప్ జాజ్: కాపీ అన్నవాళ్ళకి, గోల అన్నవాళ్ళకి

జాజ్ గురించి మాట వచ్చినప్పుడల్లా ఎక్కడో ఒకచోట ఈ వాదన తగులుతూనే ఉంటుంది. సారాంశం ఇది: "జాజ్ అమెరికా నల్లజాతి వాళ్ళ సంగీతం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్‌లో జరిగిందంతా దానికి కాపీ. కాపీ కానిది ఏదైనా ఉంటే అది అరవైల చివర్లో మొదలైన ఫ్రీ జాజ్ గోల, అంటే ముందే కట్టిన బాణీ చట్రం లేకుండా అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే జాజ్. అదీ సరిగ్గా వాయించడం రానివాళ్ళు చేసింది, సర్కారు డబ్బుతో బతికింది. వినదగ్గ యూరప్ జాజ్ ఈసీఎం అనే రికార్డు కంపెనీ వచ్చాకే పుట్టింది."

మొదటి వాక్యంతో నాకు పేచీ లేదు. తగాదా అంతా ఆ తర్వాతి మాటలతోనే.

ముందు కాపీ సంగతి చూద్దాం. యుద్ధం ముగిసిన కొత్తలో స్టాక్‌హోమ్ నుంచి రోమ్ దాకా కుర్రాళ్ళందరూ అమెరికన్ రికార్డులు అరిగేదాకా విని నేర్చుకున్నవాళ్ళే. అమెరికన్ శాక్సోఫోన్ దిగ్గజం చార్లీ పార్కర్‌ని ఒక్కో స్వరం చొప్పున దింపుకున్నారు. ఇందులో దాచాల్సింది ఏమీ లేదు, వాళ్ళూ దాచలేదు. అసలు ప్రశ్న వేరే: నేర్చుకున్నాక ఏం చేశారు?

పోలండ్‌లో పియానిస్టు క్షిష్టోఫ్ కొమెడా ఏం చేశాడో చూడండి. ఆయన అసలు పేరు త్చించిన్‌స్కీ. చదువుకి చెవి, ముక్కు, గొంతు డాక్టరు. ఆస్పత్రిలో తోటివాళ్ళకి తన జాజ్ వ్యవహారం తెలియకూడదని కొమెడా అనే పేరు పెట్టుకున్నాడంటారు. స్టాలిన్ కాలంలో పోలండ్‌లో జాజ్ ఇళ్ళలో చాటుగా వాయించుకునే సంగీతం. 1956లో సొపాట్ ఉత్సవంతో బయటికొచ్చింది. ఆ వేదిక మీద కొమెడా బృందం కూడా ఉంది. ఇక 1965 డిసెంబరులో వార్సాలో ఆయన రికార్డు చేసినది ‘ఆస్టిగ్మాటిక్’. ట్రంపెట్ మీద తొమాష్ స్టాంకో, ఆల్టో శాక్సోఫోన్ మీద జ్బిగ్నియెవ్ నమిస్వోవ్‌స్కీ, జర్మనీ నుంచి బేస్‌కి గుంటర్ లెంజ్, స్వీడన్ నుంచి డ్రమ్స్‌కి రూనె కార్ల్‌సన్, పియానో మీద కొమెడా.

ఎల్పీకి ఒక వైపు మొత్తం ఒకే ట్రాక్, ఇరవై నిమిషాల పైమాట. అప్పటి మామూలు అమెరికన్ పద్ధతి మీకు తెలిసిందే. ముందు బాణీ వాయిస్తారు, అదే ముప్ఫై రెండు బార్ల (బార్ అంటే తాళంలో ఒక చుట్టు) చట్రం మీద ఒకరి తర్వాత ఒకరు సోలో తీస్తారు, చివర్లో మళ్ళీ బాణీ. కొమెడా దగ్గర ఆ చట్రం ఇమడదు. నడక ఆగుతుంది, మారుతుంది, బాణీలో ముక్క మధ్యలో ఇంకో ముఖంతో తిరిగొస్తుంది. రెండోవైపున్న ‘కట్టోర్నా’ సినిమా కోసం కట్టిన బాణీ. కింద ఒకే చిన్న పదబంధం పట్టు విడవకుండా తిరుగుతుంటే పైన ట్రంపెట్, శాక్సోఫోన్ కలిసి ఆ దిగులు బాణీ ఎత్తుకుంటాయి. ఆ దిగులు అమెరికా నల్లజాతి వాళ్ళ బ్లూస్ పాటల దిగులు కాదు. ఇది దేనికి కాపీయో చూపించమంటే ఇంతవరకు ఎవరూ ఫలానా రికార్డని చూపించలేదు. (సినిమావాళ్ళు కొమెడాని వేరేలా ఎరుగుదురు. పొలాన్‌స్కీ ‘రోజ్‌మెరీస్ బేబీ’లో ఒళ్ళు జలదరించే ఆ జోలపాట ఆయనదే. 1969లో పోయాడు, నలభై కూడా నిండలేదు.)

స్వీడన్‌లో యాన్ యోహాన్సన్ ఇంకో దారి పట్టాడు. అమెరికన్ శాక్సోఫోన్ వాద్యకారుడు స్టాన్ గెట్జ్ పక్కన పియానో వాయించినవాడు, అమెరికన్ భాష అణువణువూ తెలిసినవాడు. 1964లో వచ్చిన ‘జాజ్ పో స్వెన్‌స్కా’లో ఉన్నది ఒక పియానో, ఒక బేస్, స్వీడిష్ పల్లె పాటలు, అంతే. బేస్ గెయార్గ్ రీడెల్‌ది. డ్రమ్స్ లేవు. పాటలు చిన్నవి, స్వరాలు ఆచితూచి పడతాయి. స్వీడన్‌లో అతి ఎక్కువగా అమ్ముడైన జాజ్ రికార్డుగా దానికి పేరు. యూరప్ జాజ్ జనం వినేది కాదు అనేవాళ్ళు దీన్ని ఎందుకో లెక్కలోకి తీసుకోరు.

కాపీ వాదనలో అందరికంటే అన్యాయమైపోయినవాడు జో హారియట్. జమైకాలో పుట్టి 1951లో ఇంగ్లండ్ చేరిన ఆల్టో శాక్సోఫోన్ వాద్యకారుడు. ఆయన ‘ఫ్రీ ఫామ్’ రికార్డు చేసింది 1960 నవంబరులో, లండన్‌లో. అమెరికన్ శాక్సోఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్‌మన్ న్యూయార్క్‌లో ‘ఫ్రీ జాజ్’ రికార్డు చేసింది 1960 డిసెంబరు 21న. కోల్‌మన్ అంతకుముందు 1959లోనే సంచలనం రేపిన మాట నిజమే, ముందెవరు అన్న పందెం నేను కట్టను. కానీ రెండూ పక్కపక్కన పెట్టి వినండి. అప్పటి కోల్‌మన్ బృందంలో పియానోయే లేదు. హారియట్ దగ్గర పియానో ఉంది, మౌనాలున్నాయి, అయిదుగురూ ఒకరి వాక్యం ఒకరు పూర్తి చేస్తున్నట్టు ఉంటుంది. అయినా బతికున్నన్నాళ్ళూ ఆయన్ని కోల్‌మన్ నీడలోనే చూశారు. తర్వాత కలకత్తాలో పుట్టిన జాన్ మేయర్‌తో కలిసి సితార్, తంబురా, తబలా పక్కన పెట్టుకుని 1966లో ‘ఇండో-జాజ్ సూట్’ చేశాడు. 1973లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయాడు.

ఇక గోల. ఈ మాటకి అందరూ చూపించే సాక్ష్యం ‘మెషిన్ గన్’. 1968 మే నెలలో బ్రెమెన్‌లోని ఒక క్లబ్బులో జర్మన్ శాక్సోఫోన్ వాద్యకారుడు పీటర్ బ్రోట్స్‌మన్ రికార్డు చేసినది. ఎనిమిదిమంది, అయిదు దేశాలవాళ్ళు. మూడు శాక్సోఫోన్లు, రెండు బేస్‌లు, రెండు డ్రమ్ సెట్లు, ఒక పియానో. మొదటి సెకను నుంచే శాక్సోఫోన్లు తూటాల్లా టకటకా పేలతాయి. పెద్ద శబ్దం అంటే కాదనను. మొదటిసారి వింటే నూటికి తొంభైమంది ఆపేస్తారు, నేను తప్పుపట్టను. అయితే ఓపికపట్టి పదిహేడు నిమిషాలూ వినండి. ఎవరు ఎప్పుడు లోపలికి రావాలి, ఎప్పుడు ఎవర్ని వదిలేయాలి అన్నది వాళ్ళకి కచ్చితంగా తెలుసు. చివరికొచ్చేసరికి ఆ రొద మధ్యలోంచి పాత రిథమ్ అండ్ బ్లూస్ తరహా బాణీ ఒకటి అందరూ కలిసి ఎత్తుకుంటారు. వాయించడం రానివాళ్ళకి అది కుదిరే పని కాదు. తండ్రుల తరం చేసిన ఘోరాల మీద కోపం ఆ సంగీతంలో ఉందని బ్రోట్స్‌మన్ తర్వాతి రోజుల్లో చెప్పేవాడు. 1968 జర్మనీలో ఆ కోపం వీధుల్లోనూ ఉంది.

వాయించడం రాదనే మాటకి పేర్లే జవాబు. ఆ ‘మెషిన్ గన్’లో డ్రమ్స్ వాయించిన హాన్ బెన్నింక్ అంతకు నాలుగేళ్ళ ముందు, 1964 జూన్ 2న నెదర్లాండ్స్‌లోని హిల్వర్సమ్‌లో అమెరికన్ జాజ్ ఉద్దండుడు ఎరిక్ డాల్ఫీ వెనక వాయించాడు. పియానో మీద మిషా మెంగెల్‌బర్గ్. అదే ‘లాస్ట్ డేట్’ రికార్డు. డాల్ఫీ ఆ నెలాఖర్లోనే బెర్లిన్‌లో చనిపోయాడు. డాల్ఫీ లాంటివాడి పక్కన తాళం తప్పేవాణ్ని కూర్చోబెట్టరు కదా. ఇంగ్లండ్ ఫ్రీ జాజ్ వాళ్ళలో డెరెక్ బెయిలీ గిటార్ వింటే తీగలు సవరించుకుంటున్నాడేమో అనిపించొచ్చు. ఆయన ఏళ్ళ తరబడి డాన్స్ హాళ్ళలో, నాటకశాలల్లో, రేడియోలో కాగితం మీద రాసినది రాసినట్టు వాయించి జీతం తీసుకున్న మనిషి. టోనీ ఆక్స్‌లీ లండన్‌లో రానీ స్కాట్స్ క్లబ్బుకి ఆస్థాన డ్రమ్మరు, ఊళ్ళోకి వచ్చిన అమెరికన్ ఉద్దండులకి తాళం వేసింది ఆయనే. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్‌తో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ గుర్తున్నాడుగా? ఆయన సొంత పేరుతో వచ్చిన మొదటి రికార్డు ‘ఎక్స్‌ట్రాపొలేషన్’, 1969లో లండన్‌లో చేసినది. అందులో డ్రమ్స్ ఈ ఆక్స్‌లీయే. అదే ఏడు ఆక్స్‌లీ సొంతంగా చేసిన ‘ద బాప్టైజ్డ్ ట్రావెలర్’లో బెయిలీ, ఇంగ్లిష్ శాక్సోఫోన్ వాద్యకారుడు ఈవన్ పార్కర్ ఉన్నారు. రెండు రికార్డుల్లోనూ డ్రమ్స్ మీదున్నవి ఆ చేతులే.

ఈవన్ పార్కర్ సోలో రికార్డుల్లో శాక్సోఫోన్ ఊపిరి తెగకుండా నిమిషాల తరబడి మోగుతూనే ఉంటుంది. మన సన్నాయి మేళంలో ఒత్తు ఊదేవాళ్ళు ముక్కుతో గాలి పీలుస్తూ బుగ్గల్లోంచి వదులుతారు చూడండి, అదే కిటుకు. తేడా అల్లా ఒత్తు ఒకే స్వరం పట్టుకుంటుంది, పార్కర్ ఆ దమ్ము మీదే రెండు మూడు వరసలు ఒకేసారి అల్లుతాడు. నచ్చకపోతే నచ్చలేదనండి. రాదు అనకండి.

వాళ్ళు చేసిందంతా గొప్పదని నేనూ అనను. ఆ కాలపు ఫ్రీ జాజ్ రికార్డుల్లో సాగతీత బోలెడుంది. ఆ సాగతీత అమెరికన్ వాటిలోనూ అంతే ఉంది.

సర్కారు డబ్బు మాట సగం నిజం. కొమెడా రికార్డుని విడుదల చేసిన ముజా ప్రభుత్వ కంపెనీయే, పోలండ్‌లో అప్పుడు వేరే దారి లేదు. పశ్చిమ జర్మనీ రేడియోలు జాజ్ వాళ్ళని బాగానే ఆదుకున్నాయి. అయితే ‘మెషిన్ గన్’ ఎవరు వేశారు? బ్రోట్స్‌మన్ తన జేబులోంచే, తన సొంత లేబుల్ మీద, 300 కాపీలు. చిత్రకళ చదివినవాడు కాబట్టి అట్టలు కూడా తనే చేసుకునేవాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఐసీపీ 1967లో, బెర్లిన్‌లో ఎఫ్‌ఎంపీ 1969లో, లండన్‌లో ఇంకస్ 1970లో మొదలయ్యాయి, ఇవన్నీ చిన్న రికార్డు లేబుళ్ళు. మూడింటినీ పెట్టింది వాయించేవాళ్ళే, ఎందుకంటే కంపెనీలు వాళ్ళ సంగీతం వేయలేదు.

చివరిది ఈసీఎం. మాన్‌ఫ్రెడ్ ఐఖర్ మ్యూనిక్‌లో 1969లో పెట్టిన ఈ కంపెనీ మీద నాకు గౌరవమే. కానీ దాని మొదటి రికార్డు అమెరికన్ పియానిస్టు మాల్ వాల్డ్రన్‌ది. ఈసీఎం పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే 1975 నాటి ‘కొల్న్ కాన్సర్ట్’ కూడా అమెరికన్ కీత్ జారెట్‌దే. ఇంకో ముచ్చట ఏంటంటే, 1970లో అదే ఈసీఎం తన తొలి అరడజను రికార్డుల్లోనే బెయిలీ, పార్కర్‌ల బృందాన్ని వేసింది, అంటే ఆ "గోల"నే. మరి 1997లో స్టాంకో అదే కంపెనీకి చేసిన ‘లిటానియా’? అందులో ఉన్నది కొమెడా సంగీతం. ‘ఆస్టిగ్మాటిక్’ రెండోవైపున్న ‘స్వాంటెటిక్’ అందులో మళ్ళీ వినిపిస్తుంది, ముప్ఫై ఏళ్ళు దాటాక.

కొత్తగా వినాలనుకునేవాళ్ళు ‘మెషిన్ గన్’తో మాత్రం మొదలుపెట్టకండి. యోహాన్సన్‌తో మొదలుపెట్టి, ‘కట్టోర్నా’ మీదుగా హారియట్ దగ్గరికి రండి. బ్రోట్స్‌మన్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. ఇంట్లో ఎవరూ లేనప్పుడైతే ఇంకా మంచిది.