రీమేక్ దాకా ఎందుకు, ముందు రిపేరు చేయండి

పాత ఆర్పీజీలన్నిటినీ (ఒక పాత్రను పెంచుకుంటూ కథ నడిపించే వీడియో గేమ్‌లు) రీమేక్ చేయాల్సిందే అని నేను చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. రీమేక్ (మొదటి నుంచి మళ్లీ తయారుచేయడం) వేరు, రీమాస్టర్ (పాత గేమ్‌కే బొమ్మ, ధ్వని మెరుగుపరచడం) వేరు, ప్యాచ్ (తప్పులు సరిచేసే చిన్న ఫైలు) వేరండీ.

1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7 మొత్తం మూడు సీడీల్లో పట్టింది. 2020 రీమేక్‌లో అందులోని మిడ్గార్ నగరం ఒక్కటే పూర్తి గేమ్ అయింది. పీసీలో దానికి 100 జీబీ ఖాళీ కావాలి. బెంగళూరు మారతహళ్లి పీజీ వైఫై మీద డౌన్‌లోడ్ పెట్టి చూడండి, తెలుస్తుంది!

రీమాస్టర్‌కు అడ్డం పడేది ఎక్కువగా ముడిసరుకు దొరక్కపోవడమే. బల్దర్స్ గేట్ (1998) బొమ్మల అసలు ఫైళ్లు పోయాయి కాబట్టే దాని రీమాస్టర్ అయిన 2012 ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌లో నేపథ్యాలను ఎక్కువ స్పష్టతతో మళ్లీ రెండర్ చేయలేకపోయారు. జూమ్ చేస్తే మసక. ఐస్‌విండ్ డేల్ 2కి సోర్స్ కోడే (ప్రోగ్రామ్ అసలు రాత) దొరకలేదు, అందుకే అధికారికంగా అలాంటి ఎడిషనే రాలేదు.

చాలాసార్లు ప్యాచ్ చాలు. ఫాలౌట్ 2లో ప్రపంచ పటం మీద నడక వేగం ప్రాసెసర్ వేగంతో ముడిపడి ఉంది. ఇప్పటి మెషీన్‌లో రయ్యిన దూసుకెళ్తారు, దారిలో ఎదురుపడే పోరాటాలు తగ్గిపోతాయి. గేమ్ తేలిక కాలేదు, లెక్క తప్పిందంతే. దీనికి అభిమానులు చేసిన ప్యాచ్ ఎస్‌ఫాల్. అందులోని డీఎల్‌ఎల్ (ప్రోగ్రామ్), ఐఎన్ఐ (సెట్టింగుల) ఫైళ్లను గేమ్ ఫోల్డర్‌లో వేసి, ఐఎన్ఐలో వరల్డ్‌మ్యాప్ ఎఫ్‌పీఎస్ ప్యాచ్ విలువ 1 చేయండి. సేవ్ ఫైళ్ల కాపీ ముందే తీసిపెట్టుకోండి.

కంపెనీలు చేయాల్సిన మొదటి పని ఇదే: పాత ఎడిషన్‌ను స్టోర్‌లోంచి తీసేయకుండా, పక్కనే అమ్మడం. ఆ తర్వాత రీమేక్ ఎంత హంగుగా చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.