ఒంటి చేత్తో కట్టిన ట్రాన్స్‌ఫార్మర్ల కంపెనీ

హైదరాబాద్ శివారు పారిశ్రామికవాడలో ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేసే ఒక కుటుంబ కంపెనీ రజతోత్సవం జరుపుకుంది. పేరు చెప్పను. చెబితే ప్రకటన అనుకుని బిల్లు ఎంతో పంపమంటారు. ఆ సందర్భంగా వేసిన సావనీరు కొరియర్‌లో వచ్చింది. ఆర్ట్ పేపరు, గట్టి అట్ట, బంగారు అక్షరాలు. మొదటి పేజీలో వేంకటేశ్వరస్వామి, రెండో పేజీలో వ్యవస్థాపక చైర్మన్ గారు. ఫొటోల సైజు ఒకటే గానీ చైర్మన్ గారి చుట్టూ బోర్డరు కాస్త ఎక్కువ. మూడో పేజీలో పెద్దకొడుకు, అనగా మేనేజింగ్ డైరెక్టర్ గారు, రాసిన వాక్యం ఇది: "ఒంటి చేత్తో ఈ సంస్థను నిర్మించిన మా నాన్నగారు తెలుగు నేల సీమెన్స్."

ఇలాంటివి చదివి నవ్వి ఊరుకునేవాళ్లు అదృష్టవంతులు. నాకది చేతకాదు. సీమెన్స్ అంటే జర్మనీలోని పెద్ద కరెంటు పరికరాల కంపెనీ, దాన్ని పెట్టినాయన పేరూ అదే. ఆ పోలికకి ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చి బెర్లిన్ నుంచే మొదలుపెడదాం.

వెర్నర్ సీమెన్స్ కౌలు రైతు కొడుకు. పద్నాలుగుమంది సంతానంలో నాలుగోవాడు. పెద్ద చదువు చెప్పించే స్తోమతు ఇంట్లో లేక, ఇంజనీరింగ్ నేర్పుతారని అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యా సైన్యంలో చేరాడు. సిగార్ పెట్టెలు, రేకు ముక్కలు, కాస్త రాగి తీగ పోగేసి టెలిగ్రాఫ్ యంత్రానికి నమూనా చేశాడు. ఇంతవరకూ ఏ సావనీరులోనైనా వేసుకోవచ్చు. చిక్కంతా తర్వాతే. ఆ నమూనాని పనిచేసే యంత్రంగా మలచడానికి హాల్‌స్కే అనే మెకానిక్ కావలసి వచ్చాడు. వరసకి అన్న అయ్యే ఒక ప్లీడరు 6,842 థాలర్లు (అప్పటి అక్కడి నాణేలు) సర్దాడు. 1847 అక్టోబరులో, బెర్లిన్‌లో ఒక భవనం పెరటి వైపు, పదిమంది పనివాళ్లతో వర్క్‌షాప్ తెరిచారు. బోర్డు మీద 'సీమెన్స్ అండ్ హాల్‌స్కే' అని రాయించారు. కంపెనీ పెట్టాక కూడా సీమెన్స్ గారు 1849 దాకా సైన్యంలో ఉద్యోగం వదల్లేదు. మరి ఆ రెండేళ్లూ వర్క్‌షాప్‌లో రోజూ పనిముట్లు పట్టుకున్నదెవరో వేరే చెప్పాలా? బెర్లిన్ సీమెన్స్‌కి దొరకని ఒంటి చెయ్యి మన సీమెన్స్‌కి ఎక్కడ దొరికిందో!

సావనీరు ప్రకారం ఆయన 1999లో జేబులో రెండొందల రూపాయలతో నగరానికి వచ్చారు. ఈ రెండొందలు మన వ్యాపారవేత్తలందరి జేబుల్లోనూ ఉంటాయి, ఎవరూ ఖర్చుపెట్టినట్టు మాత్రం కనబడదు. మామగారు అమ్మిన మాగాణి, అత్తగారు తీసిచ్చిన గొలుసు, చవగ్గా వచ్చిన ప్లాటు, బ్యాంకు అప్పు, చేసిన సరుకల్లా కొన్న డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ)... వీటికి పాపం సంచికలో చోటు చాలలేదు. మూడో అల్లుడి పుట్టినరోజు కేకుకి మాత్రం కలర్‌లో నిండు పేజీ దొరికింది.

ఇక నేను తిరిగి తిరిగి చూసే తొమ్మిదో పేజీకి వద్దాం. 'మూడు తరాల నాయకత్వం' అని శీర్షిక. ఫ్యాక్టరీ ఆవరణలో కొత్త ట్రాన్స్‌ఫార్మర్. రేడియేటర్ రెక్కలకి పసుపు, ట్యాంకుకి కుంకుమ బొట్లు, బుషింగులకి, అంటే తీగలు తగిలించే పింగాణీ కొమ్ములకి, బంతిపూల దండలు. ముందు కుర్చీలో చైర్మన్ గారు స్పానర్‌ని మైకులా పట్టుకుని కూర్చున్నారు. పక్కన సతీమణి, డైరెక్టర్ (పరిపాలన). వెనక రెండో కొడుకు, డైరెక్టర్ (నాణ్యత), నల్లకళ్లద్దాలతో. ఆ పక్కన మూడో అల్లుడు, పళ్ల డాక్టరు, డైరెక్టర్ (పరిశోధన). ట్యాంకు మూత మీద ఐదు నెలల మనవడు. కింద 'భావి చైర్మన్' అని రాశారు. బాబు గుప్పిట్లో ఒక బుషింగు ఉంది. లైనులో పెడితే దాని మీద 11,000 వోల్టులుంటాయి. బాబు తల వెనక 'హెల్మెట్ లేనిదే లోపలికి ప్రవేశం లేదు' అన్న బోర్డు చక్కగా ఫోకస్‌లో పడింది.

ఈ ఫొటో తీసినాయన నాకు తెలుసు. పొద్దున మొదలుపెడితే భోజనాల వేళ దాటిందట. పెద్దల్లుడికి ఏ డైరెక్టర్ పదవీ లేదని అప్పుడే ఎవరో గుర్తుచేశారు. ఆయన అలిగి సెక్యూరిటీ గదిలో కూర్చున్నాడు.

"బావగారూ, మీరు లేకపోతే ఎలాగండీ, రండి."

"నేనెందుకులే బావా, డైరెక్టర్లు నిలబడండి. నేను చెప్పులు కాస్తా."

అక్కడికక్కడే డైరెక్టర్ (రవాణా) ఇచ్చి తీసుకొచ్చారు. ఈ పాతికేళ్లలో ఆ బోర్డు ఏకగ్రీవంగా తీసుకున్న నిర్ణయం అదొక్కటేనని ఫొటోగ్రాఫర్ అంచనా.

ఫొటో కుడి అంచున, మోచేతి దాకా, ఇంకో చెయ్యి ఉంది. గోళ్లలో నల్లటి నూనె, వేళ్ల మధ్య బనియన్ వేస్ట్. ట్యాంకు తుడుస్తున్న మనిషిని కత్తిరించేశారు, చెయ్యి మిగిలిపోయింది. మూడో పేజీలో చెప్పిన ఒంటి చెయ్యి బహుశా ఇదే.

'సంస్థ విస్తరణ' అధ్యాయంలోనూ పోలిక బాగానే కుదిరింది. సీమెన్స్ కూడా తమ్ముళ్లనే నమ్ముకున్నాడు. విల్‌హెల్మ్ లండన్‌లో, కార్ల్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. 1850ల మొదట్లో ప్రష్యా ప్రభుత్వం ఆర్డర్లు ఆపేస్తే, రష్యాలో లైన్లు వేసి కార్ల్ కంపెనీని నిలబెట్టాడు. 1870లో లండన్ నుంచి కలకత్తాకి దాదాపు 11,000 కిలోమీటర్ల టెలిగ్రాఫ్ లైను పూర్తయింది. అందులో పెద్ద భాగం ఈ అన్నదమ్ములు వేసిందే. వార్త 28 నిమిషాల్లో చేరింది. మన సీమెన్స్ గారు కూడా తమ్ముణ్ణి పంపించారు, గోడ అవతలికి. అక్కడ ముందు 'న్యూ' తగిలించుకుని అదే పేరుతో ఇంకో ఫ్యాక్టరీ నడుస్తోంది. ఇవతలి మాట అవతలికి చేరాలంటే లాయరు నోటీసు ఇవ్వాలి, పదిహేను రోజులు పడుతుంది.

సరే, ట్రాన్స్‌ఫార్మర్ సంగతి. పొలాల దగ్గర దిమ్మె మీద కనిపించే రకం 11,000 వోల్టుల్ని 433కి దించుతుంది. ఈ 433 రెండు ఫేజుల మధ్య లెక్క, ఒక్కో ఎల్టీ (తక్కువ వోల్టేజి) కాయిల్ మీద పడేది 250 వోల్టులే. అందుకని ఎల్టీ కాయిల్‌లో ఒక్కో చుట్టుకి హెచ్టీ (ఎక్కువ వోల్టేజి) కాయిల్‌లో 44 చుట్లు ఉండాలి. అంటే సన్నటి తీగ వేల చుట్లు, పొర పొరకీ కాగితం. లెక్క తప్పకూడదు, తీగ మీద పూత గీసుకుపోకూడదు. పోతే ఆ తప్పు ఫ్యాక్టరీలో బయటపడకపోవచ్చు, వరి పొట్ట మీదున్నప్పుడు పొలంలో పడుతుంది. అప్పుడు రైతులు తలా ఇంత వేసుకుని, కాలిన డబ్బాని ట్రాక్టర్ ఎక్కించి రిపేరు షెడ్డు చుట్టూ తిరుగుతారు. అలా కాలకుండా ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఏళ్ల తరబడి నిలిచిందంటే నల్లకళ్లద్దాల నాణ్యత వల్ల కాదు. ఒక వైండింగ్ మేస్త్రి ఎనిమిది గంటలు తల ఎత్తకుండా తీగ చుట్టడం వల్ల. మొదటి కాయిల్ చుట్టిన మేస్త్రి ఇప్పటికీ ఆ ఫ్యాక్టరీలోనే ఉన్నాడు. అంత లావు పుస్తకంలో ఆయన పేరు ఒక్క చోట లేదు. కేకు ఉంది. సిగ్గనేది ఉండాలి కదా మనిషికి!

పనిముట్లు పట్టినవాడి పేరు పోవడం బెర్లిన్‌లోనూ జరిగింది. హాల్‌స్కే 1867లో తప్పుకున్నాడు. 1966లో కంపెనీ పేరులోంచి కూడా పోయాడు, సీమెన్స్ మిగిలింది. అంతకన్నా ఘోరం మధ్యలో ఉంది. 1942లో నాజీల రావెన్స్‌బ్రూక్ కాన్సంట్రేషన్ క్యాంపు పక్కనే ఈ కంపెనీ షెడ్లు వేసింది. ఖైదీలైన ఆడవాళ్ల చేత కాయిల్స్ చుట్టించింది. వాళ్లకి పేర్లు కూడా లేవు, బట్టల మీద నంబర్లే. అప్పటి కంపెనీ పెద్ద కూడా సీమెన్స్ వంశస్థుడే. 'మా సంస్థ ఒక కుటుంబం' అని మైకు ముందు గొంతు గద్గదం చేసుకునే ప్రతివాడి ఎదుటా ఆ షెడ్ల ఫొటో పెట్టాలనిపిస్తుంది. చైర్మన్ గారిని వాళ్లతో పోల్చానని కోపం వద్దు. పోల్చింది వాళ్ల అబ్బాయి.

బెర్లిన్ సీమెన్స్‌కీ పాతికేళ్లు నిండాయి, 1872లో. ఆ ఏడాది పనివాళ్లకి పెన్షన్ నిధి పెట్టాడు. దయా ధర్మం అనుకోకండి, పని తెలిసినవాళ్లు పక్క కంపెనీకి పోకూడదన్న లెక్క కూడా ఉంది అందులో. ఆ పాటి లెక్క చేతనైనా చాలు. మన రజతోత్సవంలో డైరెక్టర్లందరికీ తలో వెండి ట్రాన్స్‌ఫార్మర్ బొమ్మ, పనివాళ్లకి స్వీటు ప్యాకెట్లు. మేస్త్రికి అదనంగా ఒక శాలువా కప్పారు.

మేస్త్రి పీఎఫ్ ఖాతా తీయించి చూశారట. మొదటి పదకొండేళ్లు అందులో లేనే లేవు. మిగతావి ఒక లేబర్ కాంట్రాక్టరు పేరు మీద ఉన్నాయి. ఆ కాంట్రాక్టరు వేరెవరో కాదు, ప్రస్తుత డైరెక్టర్ (రవాణా) గారు. సావనీరులో ఆ పదకొండేళ్ల అధ్యాయానికి పెట్టిన పేరు 'స్వర్ణయుగం'.