కన్ను కొట్టని హవల్దారు

నవంబర్ వచ్చిందంటే మా మామయ్య తాను బతికే ఉన్నానని ప్రభుత్వానికి చెప్పుకోవాలి. పింఛను తీసుకునేవాళ్ళందరికీ ఉన్నదే. వేలిముద్ర వేస్తే అయిపోయే పని. కానీ అవి సైన్యంలో 17 ఏళ్ళు, ఆ తర్వాత ఫ్యాక్టరీలో వెల్డర్‌గా 22 ఏళ్ళు పనిచేసిన చేతులు. గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. మూడుసార్లు ప్రయత్నించి, ఇక లాభం లేదని నా ఫోన్‌లో ముఖం చూపించే పద్ధతి మొదలుపెట్టాను. తెర మీద ‘బ్లింక్’ అని వచ్చింది. కళ్ళు ఆర్పమని దాని అర్థం. నేను తొందరలో "మామయ్యా, కన్ను కొట్టాలి" అన్నాను.

తప్పు నాదే. ఒప్పుకుంటున్నాను.

మామయ్య: కన్ను కొట్టాలా? ఎవరికి?

అత్తయ్య: నాకైతే కాదులెండి, కంగారుపడకండి. గవర్నమెంటుకి.

మామయ్య: 76 ఏళ్ళొచ్చాయి. ఇంతవరకూ ఒక్క ఆడమనిషికి కన్ను కొట్టిన పాపాన పోలేదు.

అత్తయ్య: పోలేదని నాకు తెలియదా? 53 ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాగా.

మామయ్య: ఇంతకీ అవతల ఎవరుంటార్రా?

అత్తయ్య: ప్రయాగ్‌రాజ్‌లో మీ పింఛన్ల ఆఫీసు వాళ్ళుంటారు.

మామయ్య: అక్కడ లేడీ ఆఫీసర్ ఉంటేనో? హవల్దారు పింఛను కోసం కన్ను కొట్టాడని నా సర్వీసు పుస్తకంలో రెడ్ ఇంక్ ఎంట్రీ వేస్తుంది, తప్పు చేసినవాళ్ళకి వేసినట్టు. నా 17 ఏళ్ళ సర్వీసులో అలాంటిది ఒక్కటి లేదు.

అత్తయ్య: నా పుస్తకంలో ఎర్ర సిరా అయిపోయి నీలం సిరాతో వేస్తున్నాను.

అవతల మనుషులెవరూ ఉండరు, అంతా మిషనే చూసుకుంటుంది అని చెప్పాను.

మామయ్య: మిషన్‌కి కన్ను కొట్టమంటావా? మతి ఉండే మాట్లాడుతున్నావా?

అత్తయ్య: ఈ పింఛను ఏర్పాటుకి స్పర్శ్ అని పేరు పెట్టారటగా. పాపం, స్పర్శిద్దామంటే మీ వేళ్ళ మీద గీత లేదు. అందుకని కన్ను గీటమంటోంది. పేరు పెట్టినవాళ్ళెవరోగానీ రసికులు.

ఇలాంటి మాటలు ఆవిడ నవ్వకుండా అంటుంది. అందుకే నేనెప్పుడూ అత్తయ్య పక్షం.

మామయ్య: సిపాయి మర్యాద నీకేం తెలుసే!

అత్తయ్య: మాది మిలటరీ మాధవరం. ఇంటికో సిపాయి ఉన్న ఊరు. మా దొడ్లో కోళ్ళు కూడా అటెన్షన్‌లో నిలబడేవి. మర్యాదలు నాకు నేర్పకండి.

మామయ్య: నేను సాపర్‌ని, సైన్యంలో ఇంజనీర్ల దళం జవాన్ని. 71లో పాకిస్తాన్‌తో యుద్ధంలో, షకర్‌గఢ్ సెక్టార్‌లో, బసంతర్ నది ఒడ్డున బోర్లా పడుకుని, మట్టిలో ఇనప పుల్ల గుచ్చుతూ మందుపాతర్లు వెతికినవాణ్ణి. అక్కడ రెప్ప వేస్తే పోయినట్టే.

అత్తయ్య: అక్కడ వెయ్యని రెప్పలన్నీ మిగిలే ఉన్నాయిగా. అందులోంచి ఒకటి ఇక్కడ వెయ్యండి.

మామయ్య: డిసెంబర్ 15 రాత్రి. మేం పాతర్లు తీసి దారి చేస్తున్నాం. ఇంకా సగమే అయింది. అంతలో అవతల శత్రువు ట్యాంకులు కదులుతున్నాయని కబురు. మన ట్యాంకుల రెజిమెంటు పూనా హార్స్ వాళ్ళు ఆగితేనా? మిగిలిన పాతర్ల మధ్య నుంచే ట్యాంకులు నడిపించుకుపోయారు. మర్నాడే వాళ్ళ ఆఫీసరు అరుణ్ ఖేతర్‌పాల్ ప్రాణాలిచ్చాడు... 21 ఏళ్ళు...

అత్తయ్య: ఆపండి. ఆ పిల్లాడి మాట ఎన్నిసార్లు విన్నా నాకు ఏడుపే వస్తుంది. (కొంగుతో కళ్ళు తుడుచుకుని) ట్యాంకంటే గుర్తొచ్చింది, మేడ మీద ట్యాంకుకి మోటార్ వేశాను, ఎవరైనా చూడండి.

మామయ్య: అతనికొచ్చిన పరమవీర చక్ర గురించి చెబుతుంటే మోటారంటుంది, చూశావురా?

అత్తయ్య: పరమవీర చక్రకి దణ్ణం. మీ దాకా వస్తే ముందు బతికున్నట్టు కాగితం రానివ్వండి.

చివరికి ఒప్పుకున్నాడు. అయితే ఉత్తినే కొట్టనన్నాడు. లోపలికెళ్ళి 71 యుద్ధానికిచ్చిన పశ్చిమీ స్టార్ మెడల్ తగిలించుకుని, జుట్టు దువ్వుకుని వచ్చాడు. ఉన్న నాలుగు వెంట్రుకలకి పావుగంట పట్టింది. కుర్చీలో నిటారుగా కూర్చుని, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఫోన్ వైపు అదోలా చూశాడు. మూసిన కన్ను తెరవడే!

అత్తయ్య: అదేమిటి, అలా బిగుసుకుపోయారు?

మామయ్య: గురి చూస్తున్నాను. ఎడమ కన్ను మూయడం ఒక్కటే వచ్చు నాకు. రైఫిల్ పట్టిన రోజు నేర్పారు.

అత్తయ్య: అందుకే ఫోన్ హడలిపోయింది. చూడండి, ఎర్రగా అయింది.

మళ్ళీ మొదటికొచ్చాం. రెండోసారి కుడి కన్ను మూయబోతే నోరు కూడా వంకర తిరిగింది. మూడోసారి కనుబొమ్మలు మాత్రం కదిలాయి. నాలుగోసారికి చెవులు.

అత్తయ్య: ఒరేయ్, చెవులతో అయ్యేదేమైనా ఉందేమో చూడరా. అది బాగా వస్తోంది.

మామయ్య: వేళాకోళమా? 22 ఏళ్ళు నిప్పురవ్వల ముందు కూర్చున్న కళ్ళివి!

అత్తయ్య: అవి రాత్రిళ్ళు భగ్గున మండుతుంటే తడిగుడ్డ వేసి తెల్లార్లూ కూర్చున్నది ఎవరు, మీ పూనా హార్సా? ఆ కళ్ళలో నాకూ వాటా ఉంది. కొట్టండి.

అది కొట్టడం కాదు, ఆర్పడం, రెండు కళ్ళూ ఒక్కసారి మూసి తెరిస్తే చాలు అని నేను అప్పటికి నాలుగోసారి మొత్తుకున్నాను. అత్తయ్య నన్ను పక్కకు లాగింది.

అత్తయ్య: (గుసగుసగా) నాకు మొదట్లోనే అర్థమైందిలే. నోరుమూసుకో. ఇన్నేళ్ళకి ఒక్క అవకాశం వచ్చింది, చెడగొట్టకు.

మామయ్య: ఏమిటా గూడుపుఠాణీ? నావల్ల కాదు, పొండి. బతికున్నానని ఏటేటా నేను చెప్పుకోవడమేమిటి? ఇక్కడ ఎదురుగా కూర్చుని కనబడటంలేదూ!

అత్తయ్య: ఏడాదికి ఒక్కసారి చెప్పడానికే ఇంత బాధగా ఉందా? తాంబూలాలు పుచ్చుకుని యుద్ధానికి పోయారు. డిసెంబర్ 17 రాత్రి 8 గంటలకి కాల్పులు ఆగిపోయాయని రేడియోలో చెప్పారు. మీ ఉత్తరం ఎప్పుడొచ్చింది? జనవరి 9న. మధ్యలో 23 రోజులు. ఆ 23 రోజులూ మీరు బతికున్నారని నాకెవరిచ్చారండీ సర్టిఫికెట్?

మామయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు. రెప్పలు మాత్రం టపటపా రెండుసార్లు కొట్టుకున్నాయి.

ఫోన్ కుయ్యిమంది.

అత్తయ్య: అయిందా?

అయిందన్నాను.

మామయ్య: ఏమయింది? నేనింకా కన్నే కొట్టలేదే!

అత్తయ్య: మీ మొహం చూస్తేనే అది నమ్మేసింది. పాపం, కొత్తది కదా.

మామయ్య: ...23 రోజులూ లెక్కపెట్టావా?

అత్తయ్య: ఏం, అప్పుడు నాకు వేరే పనేముంది గనక?

మామయ్య: నేను 20వ తారీఖునే రాశానే. పోస్టు ఆలస్యమైతే నేనేం చేస్తాను?

అత్తయ్య: 53 ఏళ్ళుగా ఆ పోస్టు మీదే నెట్టండి. అదిగో, పైన నీళ్ళ చప్పుడు! పొంగి పోతోంది. మెడల్ తర్వాత తీద్దురుగాని, మెల్లిగా మెట్లు చూసుకుంటూ వెళ్ళండి. ఆ రోజు ట్యాంకులు ఎలాగూ ఆగలేదు, ఈ ట్యాంకునైనా ఆపండి.