రెండు వారాల సేవకి లెటర్‌హెడ్ కావాలట

మొన్న ఆదివారం పొద్దున్నే న్యూజెర్సీ నుంచి మా బావమరిది ఫోను. కుశలప్రశ్నలయ్యాక అసలు విషయానికొచ్చాడు. "బావా, మా పెద్దది వచ్చే జూన్‌లో ఇండియా వస్తానంటోంది. రెండు వారాలు మీ స్కూల్లో పిల్లలకి సేవ చేస్తుందట. చివర్లో హెడ్‌మాస్టర్ గారి లెటర్‌హెడ్ మీద ఎన్ని గంటలు చేసిందో రాసిస్తే చాలు, కాలేజీ అప్లికేషన్‌లో పెట్టుకుంటుంది."

ఏం సేవరా అని అడిగా. "ఏదో ఒకటి బావా, నువ్వే చూడు."

ఆ "ఏదో ఒకటి" దగ్గర నాకు ఒళ్లు మండింది. అరుద్దామంటే మా ఆవిడ పక్కనే కూర్చుని చెవి ఇటు పెట్టింది. అందుకే ఇక్కడ రాస్తున్నా. ఈ పోస్టు వాడు చదివితే చదవనీ.

ప్రకాశం జిల్లాలో ఓ జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మూడేళ్ల కిందట ఓ సంస్థ తరఫున పదకొండు మంది విదేశీ పిల్లలు మా బడికి వచ్చారు. బడి తెరిచి పది రోజులే అయింది. అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీ, భోజనం లెక్కలు, ఆ హడావుడిలో వాళ్లకి క్లాసులు సర్దే పని నా నెత్తిన పడింది. పిల్లలు మంచివాళ్లే, కాదనను. ఎండకి తాళలేక, నీళ్లు పడక ఇద్దరు జ్వరంతో పడకేస్తే మా పీఈటీ సార్ రెండు రోజులు ఆసుపత్రి చుట్టూ తిరిగాడు. ఆరో తరగతికి ఓ ఇంగ్లిష్ పాట నేర్పారు. అంతకుముందు ఏడాది వచ్చినవాళ్లు అయిదో తరగతిలో ఉన్న ఇదే పిల్లలకి ఇదే పాట నేర్పి వెళ్లారు. మావాళ్లు మర్యాదకి కొత్తగా వింటున్నట్టే విని, కొత్తగా నేర్చుకున్నట్టే పాడారు. అతిథి మర్యాద అంటే అదీ.

వెళ్లేరోజు గ్రూపు ఫొటో. కెమెరా పట్టుకున్నాయన ముందు వరుస పిల్లల్ని బూట్లు విప్పమన్నాడు. సర్కారు కిట్‌లో వచ్చిన కొత్త బూట్లు, తొడిగి వారం కాలేదు. బూట్లుంటే ఫొటో సరిగ్గా రాదట. ఓ పిల్ల విప్పి, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని సంచిలో పెట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను రెండడుగుల దూరంలో నిలబడి నోరు మెదపలేదు. ఆ ఫొటో ఎక్కడో ఓ వెబ్‌సైట్‌లో ఉండే ఉంటుంది, సంచితో సహా.

బయటివాళ్లు వచ్చి సాయం చేయడమే తప్పని అనను. మా నాన్న ఇంకో కథ చెప్పేవాడు. అరవైల్లో మా తాలూకాకి అమెరికా కుర్రాడొకడు వచ్చాడట, పీస్ కోర్ తరఫున. కెనడీ గద్దెనెక్కిన కొత్తలో, 1961 మార్చి 1న పెట్టిన అమెరికా ప్రభుత్వ కార్యక్రమం అది, వాళ్ల వాలంటీర్లని వేరే దేశాలకి పనికి పంపేది. ఆ ఏడాది చివర్లోనే మొదటి జట్టు పంజాబ్‌లో దిగింది. 1976లో మన దేశంలో ఆ కార్యక్రమం మూతపడే లోపు నాలుగు వేల మందికి పైగా వచ్చి వెళ్లారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ గారి తల్లి లిలియన్ కూడా అందులో ఉంది. 1966లో, 68 ఏళ్ల వయసులో నర్సు పనికి బొంబాయి పక్కన విక్రోలీకి వచ్చింది. అప్పటికి కొడుకు ఇంకా అధ్యక్షుడు కాలేదు, కాబట్టి ఆవిడకి ఎవరూ దండలేసి ఉండరు.

మా తాలూకాకి వచ్చినవాడు చదివింది చరిత్ర. వాడికిచ్చిన పని కోళ్ల పెంపకం నేర్పడం! కోడి అంటే పళ్లెంలో తప్ప ఎరగనివాడు, కోళ్ల మధ్యనే పుట్టి పెరిగినవాళ్లకి పాఠం చెప్పాలి. అప్పట్లో పీస్ కోర్ మీద ఉన్న పెద్ద విమర్శ కూడా ఇదే, డిగ్రీ పట్టా తప్ప చేతిలో ఏ పనీ లేని కుర్రాళ్లని రైతుల మీదికి తోలుతున్నారని. సమితి ఆఫీసు వెనక తెల్ల ఫారంకోళ్లతో షెడ్డు వేశారు. ఏడాది తిరక్కుండా కొక్కెర తెగులొచ్చి సగం పోయాయి. మిగిలినవి పెట్టిన గుడ్లు కొనేవాడు లేడు.

ఇక్కడ మామూలుగా అయితే కుర్రాడు మూటాముల్లె సర్దుకోవాలి. కానీ వాడికి రెండేళ్ల గడువుంది. అప్పటికే తెలుగు వచ్చేసింది, యాసతో సహా. పశువుల డాక్టరు వెంట సైకిలేసుకుని ఊరూరా తిరిగి ఇళ్ల కోళ్లకి టీకాలు వేయించాడట. టీకా ఎందుకని దెబ్బలాడిన ముసలమ్మ చేత తిట్లు తిని, ఆవిడ ఇంట్లోనే అన్నం తిన్నాడట. "షెడ్డు వాడి సర్కారు ఆలోచన, టీకాలు మన ఊళ్లో పుట్టిన ఆలోచన" అనేవాడు నాన్న. ఆ వెంటనే నవ్వి, "అయినా వాడు మనకి చేసినదానికంటే మనం వాడికి చేసిందే ఎక్కువలే" అనేవాడు.

పీస్ కోర్ పెట్టిన మొదటి ఏడాదే, 1961లో, నైజీరియాలో ఓ గొడవ జరిగింది. ఇబడాన్‌లో ఉన్న ఓ పీస్ కోర్ అమ్మాయి ఇంటికి పోస్టుకార్డు రాస్తూ, ఇక్కడి జనం ఎంత ఆదిమస్థితిలో బతుకుతున్నారో అని రాసింది. కార్డు అక్కడి విద్యార్థుల చేతికి దొరికింది. యూనివర్సిటీ అంతా భగ్గుమంది, ఆ అమ్మాయి తిరిగి వెళ్లిపోవాల్సొచ్చింది. ఇప్పుడైతే ఆ కార్డుని రీలుగా పెడతాం, లైకులు కూడా వస్తాయి.

కాంబోడియా సంగతి ఇంతకంటే ఘోరం. 2005 నుంచి 2010 లోపు అక్కడ అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. యుద్ధం లేదు, కరువు లేదు, మరి అనాథలు ఎక్కణ్నుంచి వచ్చారు? యూనిసెఫ్ లెక్కల్లో ఆ ఆశ్రమాల్లోని పిల్లల్లో నలుగురికి ముగ్గురి చొప్పున తల్లో తండ్రో బతికే ఉన్నారు. వాలంటీర్లు డబ్బు కట్టి మరీ వస్తుంటే, వాళ్లు ఎత్తుకోవడానికి పిల్లలు కావాలి. పేద తల్లిదండ్రులకి చదువు ఆశ చూపించి వాళ్ల పిల్లల్ని తెచ్చారు. వచ్చినవాళ్లు నిజంగానే ప్రేమతో ఎత్తుకున్నారు, నిజంగానే ఏడుస్తూ విమానం ఎక్కారు. తర్వాతి సోమవారం ఇంకొకరు దిగారు. ఆ పసివాడు నెలకి ఎంతమందికి టాటా చెప్పాలో లెక్కేసుకోండి.

మనుషులకే కాదు, సర్కార్లకీ లెటర్‌హెడ్ మీద యావ ఉంటుంది. అమెరికా మనకి పీఎల్-480 కింద గోధుమలు పంపింది. 1954 నాటి చట్టం. మన ఆకలి తీరిన మాట నిజం, వాళ్ల గిడ్డంగుల్లో మూలుగుతున్న గోధుమ ఖాళీ అయిన మాటా నిజం. పొలం గట్ల మీద దురద పుట్టించే వయ్యారిభామ మొక్క ఆ గోధుమలతోనే దిగిందని చెప్పుకుంటారు. ఆ పేరు పెట్టిన రైతెవరో గానీ దండం పెట్టాలి. ఇప్పటికీ అమెరికా ఆహార సాయంలో కనీసం సగం అమెరికా జెండా ఉన్న ఓడల్లోనే పోవాలని వాళ్ల చట్టం. ఓడ కిరాయి పెరిగితే ఆకలిగా ఉన్నవాడి గింజలే తగ్గుతాయి.

ఇంతవరకూ రాసి, సాయం అంతా నాటకమే, ఆపేస్తే పీడ పోతుందని తేల్చేద్దామనుకున్నా. తేల్చలేకపోయా. 2025 జనవరి 20న ట్రంప్ విదేశీ సాయాన్ని 90 రోజులు నిలిపేశాడు. మార్చికల్లా, ఆ సాయం పంచే సంస్థ యూఎస్‌ఎయిడ్ కార్యక్రమాల్లో 83 శాతం రద్దయ్యాయని వాళ్ల విదేశాంగ మంత్రి రూబియో చెప్పాడు. జూలై 1 నుంచి ఆ సంస్థ పనే ఆగిపోయింది. అదీ కెనడీ 1961లో పెట్టిందే. ఆఫ్రికాలో హెచ్‌ఐవీ మందులిచ్చే క్లినిక్‌లు ఒక్క ఉత్తర్వుతో తలుపులేసుకున్నాయి. ఆ మందుల పథకం బుష్ 2003లో మొదలుపెట్టింది, రెండున్నర కోట్ల ప్రాణాలు నిలబెట్టిందని అమెరికా ప్రభుత్వమే చెప్పుకుంది. ఆ మాత్రల్లో బోలెడన్ని మన హైదరాబాద్ కంపెనీలు చేసి పంపినవే. మందు ఇచ్చినవాడి ఉద్దేశం ఏదైతేనేం, రోజూ మింగాల్సిన మాత్ర అది. రెండు నెలలు ఆపి మళ్లీ చూద్దామనడానికి అదేం పథకం పేరు మార్చడం కాదు.

మన రాష్ట్రంలోనూ హెచ్‌ఐవీ ఊళ్లకి ఊళ్లని భయపెట్టిన రోజులు చూశాను. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. మొదటి రాష్ట్రాల్లో మనదీ ఉంది. అప్పట్లో విదేశీ డబ్బు బాగానే వచ్చింది, కానీ రేపు ఎవడో వాషింగ్టన్‌లో సంతకం పెడితే మా మండలంలో మాత్ర ఆగదు. ఆఫ్రికాలో, మలావీలో ఉన్నామెకి ఆ ధీమా లేదు. సాయం చేసినవాళ్లని నేను తిట్టాల్సింది ఇందుకు. ఇరవై ఏళ్లు ఇచ్చి, తాళంచెవి మాత్రం తమ జేబులోనే ఉంచుకున్నారు.

మనవాళ్లూ ఇస్తున్నారు ఇప్పుడు, చాలామందికి తెలియదు. వేరే దేశాలవాళ్లకి శిక్షణ ఇచ్చే మన ప్రభుత్వ పథకం, ఐటెక్ అని 1964 నుంచి నడుస్తోంది. హైదరాబాద్ యూసుఫ్‌గూడలో ఆఫ్రికా అధికారులు మెడలో ఐడీ కార్డులతో టీ కొట్టు దగ్గర కనిపిస్తే, వాళ్లు శిక్షణకి వచ్చినవాళ్లే కావచ్చు. రాజస్థాన్ తిలోనియాలో అయితే ఆ పథకం కిందే ఆఫ్రికా పల్లెల నుంచి ఆడవాళ్లని, అందులో చదువురాని అమ్మమ్మల్ని, ఆరు నెలలు కూర్చోబెట్టి సోలార్ దీపాలు బిగించడం నేర్పారు. తీగల రంగులు చూపించీ, సైగలు చేసీ. వాళ్లు తిరిగివెళ్లి తమ ఊళ్లో తామే దీపం పెట్టుకున్నారు. అక్కడ దీపం ఆరిపోతే తిలోనియాకి ఫోన్ చేయక్కర్లేదు. నాకు ఈ పద్ధతి నచ్చుతుంది. మనం చేశామని కాదు, మనం చేసే మిగతా వాటిలో గొప్పలకి పోయేవి కావలసినన్ని ఉన్నాయి.

బావమరిదికి ఇదంతా చెప్పలేదు. "పిల్లతో మాట్లాడతాలే" అని పెట్టేశా. మంగళవారం ఆ పిల్లే మెసేజ్ పెట్టింది, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. "మామయ్యా, నాన్న చెప్పారు. అక్కడ నాకు నిజంగా పని ఉందా, ఊరికే రమ్మంటున్నారా?" వాళ్ల నాన్నకి రాని ప్రశ్న.

మర్నాడు పదో తరగతి ఆడపిల్లల్ని అడిగా. అమెరికా నుంచి ఓ అక్క వస్తానంటోంది, ఏం చేయమందాం? కాసేపు గుసగుసలాడుకున్నారు. ఇంగ్లిష్ నేర్పమంటారనుకున్నా. ఒకమ్మాయి లేచి, "సార్, మన ల్యాబ్‌లో ఏడు కంప్యూటర్లు పాడైపోయాయిగా, బాగుచేయడం వచ్చేమో కనుక్కోండి" అంది. వెనక బెంచీ నుంచి ఇంకో గొంతు, "కబడ్డీ వచ్చా సార్?"

రెండు ప్రశ్నలూ అలాగే పంపించా. తెలుగు లిపిలోనే పంపా, కావాలనే. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు. ఎవరిచేతనో చదివించుకుంటోందో ఏమో, లేకపోతే అక్కడ ఇప్పుడు అర్ధరాత్రి కదా, పడుకుని ఉంటుంది.