తొట్టిలో నీళ్లెంత వేడి?

శేషాచలం కొండల్లో దొరికే ఫలానా మొక్క రసం పట్టిస్తే ఎలుకల్లో జ్ఞాపకశక్తి పెరిగిందనో, ఆందోళన తగ్గిందనో తరచూ వార్తలు వస్తుంటాయి. మా పత్రికతో సహా అందరం వేస్తాం. శీర్షికలోకి ఎక్కకముందు ప్రయోగశాలలో ఆ జ్ఞాపకశక్తి ఏ రూపంలో ఉందని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. అక్కడ ఉన్నది ఒక నీళ్ల తొట్టి, నీటి కింద కనపడని ఒక దిమ్మె, ఒక స్టాప్‌వాచ్. ఎలుకను నీళ్లలో వదిలినప్పటి నుంచి అది దిమ్మె ఎక్కేదాకా పట్టిన సెకన్లకే జ్ఞాపకశక్తి అని పేరు పెట్టుకున్నాం. పేరు పెట్టుకోవచ్చు. కానీ ఆ సెకన్లు తగ్గడానికి, పెరగడానికి మందుతో నిమిత్తం లేని కారణాలు డజను ఉన్నాయి. వాటిలో కొన్ని తిరుపతి ఎండ లాంటివి, పాశ్చాత్య పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనపడనివి.

నాడీశాస్త్రవేత్త రిచర్డ్ మోరిస్ 1981లో ప్రచురించిన పరీక్ష ఇది. విస్టార్ జాతి తెల్ల ఎలుకలకైతే తొట్టి వ్యాసం 1.8 మీటర్ల దాకా, చిట్టెలుకలకైతే 1.2 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. పది సెంటీమీటర్ల దిమ్మె నీటిమట్టానికి ఒక సెంటీమీటరు కింద దాగి ఉంటుంది. గోడల మీది గుర్తుల ఆధారంగా ఎలుక దాని చోటు నేర్చుకోవాలి. సాధారణంగా రోజుకు నాలుగు సార్లు చొప్పున ఐదు రోజులు, ప్రతిసారీ వేరే దిక్కు నుంచి వదులుతారు. తర్వాత దిమ్మె తీసేసి 60 సెకన్లు ఈదనిచ్చి, అది ఉండిన పావు భాగంలో ఎంతసేపు వెతికిందో చూస్తారు. ఏమీ గుర్తులేక తొట్టంతా తిరిగే ఎలుకకు కూడా ఆ పావు భాగంలో సుమారు 15 సెకన్లు దక్కుతాయి. అంతకు మించినదే లెక్కకు వస్తుంది. చాలా థీసిస్‌లలో ఈ 15 సెకన్ల గీత గ్రాఫు మీద గీయరు.

ఎలుక దిమ్మె వెతకాలంటే నీళ్లలో ఉండటం దానికి ఇష్టం లేకుండా ఉండాలి. అందుకే నీటిని 22 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంచుతారు. మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు 34 డిగ్రీలున్నా ఆశ్చర్యం లేదు. ఆ వేడిలో ఎలుకకు తొందరేమీ ఉండదు, హాయిగా తేలుతూ ఉంటుంది. గడియారం మాత్రం దాన్ని మతిమరుపుగా రాసుకుంటుంది. అటు నీళ్లు మరీ చల్లబడితే, ముఖ్యంగా చిట్టెలుకల్లో, వరసగా మూడు నాలుగు ఈతలకే ఒళ్లు చల్లబడి కాళ్లు నెమ్మదిస్తాయి. తువ్వాలుతో తుడిచి, వెచ్చటి బోనులో కాసేపు ఉంచకుండా మళ్లీ వదిలితే నాలుగో ఈతలో కనిపించేది చలే.

రెండు ఐసు సంచులు వేసి సరిపెట్టేవాళ్లు ఒకసారి లెక్క కట్టుకోవాలి. 1.8 మీటర్ల వ్యాసం, 40 సెంటీమీటర్ల లోతు ఉన్న తొట్టిలో పట్టేది దాదాపు వెయ్యి లీటర్లు. దాన్ని 34 నుంచి 25 డిగ్రీలకు దించాలంటే తొమ్మిది వేల కిలోకేలరీలు లాగేయాలి. కిలో ఐసు కరిగి 25 డిగ్రీలకు చేరేసరికి పీల్చేది 105 కిలోకేలరీలే. అంటే 85 కిలోలకు పైగా ఐసు కావాలి. ఆ లోపు గది వేడి తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఏసీ గదిలో రెండు రోజుల ముందే తొట్టి నింపి పెట్టడం ఇంతకన్నా సులువు. ఇక దిమ్మె కనపడకుండా నీటిని తెల్లగా చేయడానికి పాలపొడి వాడితే మన ఎండకు సాయంత్రానికే పులిసిపోతుంది. విషం కాని తెల్ల రంగు వాడాలి. ప్రతి విడతకూ ముందు థర్మామీటరు ముంచి అంకె రాసిపెట్టాలి.

సెకన్లతోనే ఇంకో చిక్కుంది. ఒక గుంపు సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో ఈదుతూ దిమ్మె చేరేలోగా ఎనిమిది మీటర్లు తిరిగిందనుకుందాం. పట్టేది 40 సెకన్లు. మందు తిన్న గుంపు అదే ఎనిమిది మీటర్లు తిరిగింది, కాకపోతే 25 సెంటీమీటర్ల వేగంతో. దానికి 32 సెకన్లు చాలు. దారి అంతే, వెతుకులాట అంతే. అయినా పట్టికలో “అయిదో వంతు మెరుగు” అని పడుతుంది. కనుక పట్టిన సమయంతో పాటు ఈదిన దూరం, వేగం కూడా రాయాలి. దిమ్మె మీద చిన్న జెండా గుచ్చి కనపడేలా పెట్టి ఒక పరీక్ష చేయాలి. అప్పుడు కూడా చేరలేని జంతువుకు జ్ఞాపకశక్తి సంగతి అటుంచి, కళ్లో కాళ్లో సరిగా లేవన్నమాట. స్విస్ తెల్ల చిట్టెలుకల వంశాల్లో కొన్నింటికి పుట్టుకతో వచ్చే రెటీనా జబ్బు ఉంటుంది. గోడ మీది గుర్తులు చూసి నేర్చుకొమ్మని గుడ్డి జంతువును నీళ్లలో వదిలి, నేర్చుకోలేదని రాయడం కన్నా దుర్వినియోగం ఏముంటుంది?

ఆందోళనను కొలిచే ప్లస్ మేజ్, అంటే ప్లస్ గుర్తు ఆకారపు వేదిక, సంగతీ ఇంతే. ఎలుకలకైతే నాలుగు చేతులు, ఒక్కొక్కటి 50 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు. రెండింటికి 40 సెంటీమీటర్ల గోడలుంటాయి, రెండు బయలు. అంతా నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. మధ్యలో వదిలి ఐదు నిమిషాలు చూస్తారు. నాలుగు పాదాలూ లోపల పెడితేనే ప్రవేశం కింద లెక్క. బయలు చేతుల్లో ఎక్కువసేపు ఉంటే ఆందోళన తక్కువ అంటారు. అయితే ఒక ఎలుకకు ఈ పరీక్ష ఒక్కసారే. రెండోసారి ఎక్కిస్తే దాని ప్రవర్తన మారిపోతుంది, ఆందోళన తగ్గించే డయాజిపామ్ వంటి మందు కూడా ముందటిలా పనిచేయదు. మందుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అని అదే జంతువు మీద పోల్చిన పట్టికలను పరీక్షకులు చూసీ చూడనట్టు వదిలేయకూడదు. మొక్క రసం మోతాదు మించి ఎలుకకు మగత కమ్మితే అది గోడల మధ్య మూల పడి ఉంటుంది, కాగితం మీద “ఆందోళన పెరిగింది” అవుతుంది. గోడలున్న చేతుల్లోకి ఎన్నిసార్లు వెళ్లిందో విడిగా లెక్కపెడితే ఈ తేడా బయటపడుతుంది. బయటపడే దారి లేని నీళ్ల పాత్రలో ఎలుకను వదిలే బలవంతపు ఈత పరీక్షలోనైతే తిరకాసు రెండో వైపు నుంచి వస్తుంది. కదలకుండా తేలే సమయం తగ్గితే కుంగుబాటుకు మందు దొరికినట్టు రాస్తారు. కాఫీలోని కెఫీన్ ఇచ్చినా ఆ సమయం తగ్గుతుంది. ఖాళీ పెట్టె లాంటి ఓపెన్ ఫీల్డ్‌లో మొత్తం తిరిగిన దూరం కొలవకుండా ఈ రెండు పరీక్షల ఫలితాన్నీ నమ్మలేం.

గది గురించి రాసే వాక్యం థీసిస్‌లో సాధారణంగా ఒక్కటే ఉంటుంది: “ప్రామాణిక పరిస్థితుల్లో ఉంచబడినవి.” దేశంలో జంతు ప్రయోగాలను పర్యవేక్షించే సీసీఎస్‌ఈఏ మార్గదర్శకాల ప్రకారం గది 18–29 డిగ్రీలు, తేమ 30–70 శాతం మధ్య ఉండాలి. కరెంటు పోయిన రెండు గంటల్లో ఆ గది ఎంతకు చేరిందో రాసే రిజిస్టరు ఉందా? ఎలుక చెవి మన చెవి ఆగిపోయే 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగదు, 80 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది. మనకు నిశ్శబ్దంగా తోచే ఇన్వర్టరూ, ట్యూబ్‌లైటు చోకూ, కారే కుళాయీ దానికి గోలగా వినిపించవచ్చు. భయపడ్డ ఎలుక 22 కిలోహెర్ట్జ్ దగ్గర వేసే కేకలు పక్క బోనులో తన వంతు కోసం ఉన్న ఎలుకకు వినిపిస్తాయి, పరిశోధకుడికి వినిపించవు. పరీక్ష అయిన జంతువును వేచి ఉన్నవాటి మధ్యకు తిరిగి చేర్చవద్దనేది అందుకే. ఇక మనకు వినిపించేవాటి సంగతి చెప్పనే అక్కర్లేదు. థీసిస్ గడువులూ, గంగమ్మ జాతర డప్పులూ రెండూ మే నెలలోనే. జాతర వారంలో కొలిచిన గుంపునూ ఆ తర్వాతి వారం కొలిచిన గుంపునూ పక్కపక్కన పెడితే తేడా మందుదో డప్పుదో అమ్మవారికే తెలియాలి.

ఎలుకలు రాత్రి తిరిగే జంతువులు. పగలు పదకొండింటికి పరీక్షించడమంటే మనల్ని అర్ధరాత్రి లేపి పరుగు పందెం పెట్టినట్టే. టైమర్‌తో వెలుగు చీకట్లను తారుమారు చేసి, కనీసం రెండు వారాలు అలవాటు కానిచ్చి, మసక ఎర్ర దీపం కింద పని చేయవచ్చు. అది కుదరకపోతే కనీసం అన్ని గుంపులనూ ఒకే వేళల్లో కలిపి పరీక్షించాలి. పొద్దున కంట్రోల్ గుంపు (మందు ఇవ్వనిది), భోజనాలయ్యాక మందు గుంపు అనే పద్ధతి మానాలి. ప్రతి ఎలుక తర్వాతా 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, వాసన పోయేదాకా ఆగాలి. తడిగా ఉండగానే తర్వాతిదాన్ని వదిలితే అది తిరగడం మాని ముక్కు తుడుచుకుంటూ కూర్చుంటుంది.

మనిషి కూడా ఆ గదిలో ఒక పరికరమే. 2014లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మగవాళ్ల సమక్షంలోనే గాక వాళ్లు విడిచిన టీషర్టు వాసనకు కూడా ఎలుకల్లో ఒత్తిడి పెరిగి నొప్పి స్పందన తగ్గుతుందని చూపారు. చిట్టెలుకను తోక పట్టి లేపితే వచ్చే బెదురు, గొట్టంలోకి ఎక్కించి లేపితే రాదని 2010లోనే తేలింది. అయినా తోక పట్టడమే చాలాచోట్ల ఇప్పటికీ అలవాటు. ఇంకా సూక్ష్మమైనది చూసేవాడి ఆశ. 1963లో రోసెంతాల్, ఫోడ్ అనే ఇద్దరు, మామూలు ఎలుకలనే విద్యార్థులకు పంచి సగం మందికి “ఇవి తెలివైనవి” అని, మిగతావారికి “ఇవి మందమైనవి” అని చెప్పారు. తెలివైనవని విన్నవాళ్ల ఎలుకలే బాగా నేర్చుకున్నట్టు ఫలితాలొచ్చాయి.

మన యానిమల్ హౌస్‌లలో దీనికి ఒక ప్రత్యేకమైన దారి ఉంది: పిక్రిక్ ఆమ్లంతో వేసే పసుపు గుర్తు. తల మీద ఉంటే కంట్రోల్, వీపు మీద ఉంటే తక్కువ మోతాదు, తోక మొదట్లో ఉంటే ఎక్కువ మోతాదు అని గుంపుకో చోటు పెట్టుకుంటే వీడియో చూసి మార్కులేసేవాడికి ఏది ఏ గుంపో మొదటి సెకనులోనే తెలిసిపోతుంది. “బ్లైండ్‌గా స్కోర్ చేశాం” అన్న వాక్యం, అంటే గుంపు తెలియకుండా మార్కులేశామన్న మాట, అక్కడే అబద్ధమవుతుంది. గుర్తు జంతువును బట్టి ఉండాలి, గుంపును బట్టి కాదు. ఏ నంబరు ఏ గుంపో రాసిన కాగితం స్కోరింగ్ అయ్యేదాకా వేరొకరి బీరువాలో ఉండాలి. గుంపులుగా విడదీసేటప్పుడు బోనులో చెయ్యి పెట్టి దొరికినవి దొరికినట్టు వేస్తే ముందు దొరికేవి సాధువైనవి, చివరికి మిగిలేవి బెదిరేవి. మొదటి ఆరూ కంట్రోల్ అయితే మందు వేయకముందే ఫలితం సగం రాసేసినట్టు. చీటీలు వేయడానికి రూపాయి ఖర్చు లేదు.

తెలుగులో ‘ఈత’కు రెండర్థాలు: ఈదడం, జంతువుల కాన్పు. ఈ పరిశోధనలో రెండోది కూడా ముఖ్యమే. ఒకే ఈత పిల్లలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఒక ఈతలోని ఆరు పిల్లలను ఒక గుంపుగా, మరో ఈతలోని ఆరింటిని ఇంకో గుంపుగా పెడితే పన్నెండు జంతువులు కనిపిస్తాయి గానీ పోలికకు ఉన్నవి రెండు తల్లులు మాత్రమే.

ఇప్పుడు కెమెరా, సాఫ్ట్‌వేర్ వచ్చాయి కదా అనవచ్చు. 2018లో వచ్చిన డీప్‌ల్యాబ్‌కట్ ఉచితం, రెండు వందల ఫ్రేముల్లో ముక్కు, చెవులు, తోక మొదలు గుర్తు పెట్టి నేర్పితే మిగతా వీడియో అదే చదువుతుంది. మంచిదే. కానీ తెల్ల నీళ్లలో తెల్ల ఎలుకను, తొట్టిలో మెరిసే ట్యూబ్‌లైటు నీడను అది కలిపేసుకోగలదు, ముక్కునూ తోకనూ తారుమారు చేయగలదు. అప్పుడు కదలకుండా ఉన్న ఎలుక మీటర్లకొద్దీ పరుగెత్తినట్టు అంకె వస్తుంది. ఒక గది వెలుతురులో నేర్చుకున్నది మరో గదిలో తడబడుతుంది. ప్రతి విడతలో కొన్ని వీడియోలను మనిషి కూర్చుని సరిచూడాల్సిందే.

ఇంత జాగ్రత్త పడ్డా ఫలితం ఊరు మారితే మారవచ్చు. 1999లో ఆల్బనీ, పోర్ట్‌లాండ్, ఎడ్మంటన్‌లోని మూడు ప్రయోగశాలలు ఒకే వంశాల చిట్టెలుకలతో, ఒకే కొలతల పరికరాలతో, ఒకేరోజు మొదలుపెట్టి పరీక్షించాయి. అయినా కొన్ని పరీక్షల్లో, ముఖ్యంగా ప్లస్ మేజ్‌లో, అంకెలు కలవలేదు.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1998 నియమాల కింద సంస్థాగత జంతు నైతిక సంఘం అనుమతి లేనిదే ఏ ప్రయోగమూ జరగకూడదు. ఆ సంఘాలు ఎలుకల సంఖ్యను తగ్గించమని అడుగుతాయి. కొలత ఎలా చేస్తారని కూడా అంతే గట్టిగా అడగాలి. కొలత చెడితే ఆరు ప్రాణాలైనా అరవై ప్రాణాలైనా వృథాయే.

శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, స్విమ్స్, ఐసర్ అన్నీ ఒకే ఊరి చుట్టూ ఉన్నాయి. ప్రతి విభాగమూ తన మూలన ఒక తొట్టి, ఒక ప్లైవుడ్ ప్లస్ పెట్టుకునే బదులు, జనరేటరు, ఏసీ, వెలుగు టైమరు ఉన్న ఒక ఉమ్మడి ప్రవర్తన పరీక్షల గదిని, దాన్ని చూసుకునే ఒక శాశ్వత టెక్నీషియన్‌ను కలిసి భరించడం సాధ్యమే. పరికరం కన్నా ముందు టెక్నీషియన్ కావాలి. ఏటా మారే విద్యార్థుల చేతుల్లో ఎలుకలూ ఏటా కొత్తగా బెదురుతాయి. అంతవరకూ విశ్వవిద్యాలయాలు చేయగలిగింది ఒకటుంది. థీసిస్‌తో పాటు కోత పెట్టని వీడియోలు, గది రిజిస్టరు, చీటీల జాబితా జతచేస్తేనే మౌఖిక పరీక్షకు తేదీ ఇవ్వాలి.

మా వంతు కూడా ఉంది. ఇకపై ఎలుకల మీద జరిగిన ప్రయోగమైతే ఆ మాట శీర్షికలోనే వేస్తాం. ఏ జాతివి, ఎన్ని, ఎవరు ఏ పరీక్షతో కొలిచారు, నీళ్లు ఎన్ని డిగ్రీలున్నాయి అని మా విలేకరులు పరిశోధకులను అడుగుతారు.