ముందు నీళ్లు, ఆ తర్వాతే గింజలు

నడకకు వెళ్లినప్పుడు కనిపించే ఉడతలు, పిట్టలు మన పెరట్లోకీ రావాలంటే గింజలు చల్లమని ఒక వ్యాసంలో రాశారు. దానికంటే ముందు నీళ్లు పెట్టండి. వెడల్పాటి మట్టి పళ్లెం, అంచు దగ్గర 2, నడుమ 5 సెంటీమీటర్ల లోతు చాలు. అడుగు నున్నగా ఉంటే కాలు జారుతుందని పిట్ట దిగదు, గరుకు రాయి ఒకటి వేయండి. పళ్లెం పొదకు 2–3 మీటర్ల దూరంలో ఉండాలి. ఆనుకుని ఉంటే పిల్లి మాటు వేస్తుంది, మరీ దూరమైతే పిట్టకు దాక్కునే చోటుండదు. రోజు విడిచి రోజు నీళ్లు పారబోసి పళ్లెం రుద్దాలి, లేకపోతే నాచు, దోమలు. పురుగుమందు మాత్రం పూర్తిగా మానేయాల్సిందే! గింజలు తినే పిట్టలు కూడా చాలావరకు తమ పిల్లలకు పురుగులే పెడతాయి. వీధిలో ఏ చెట్టు మీద పిట్టల సందడి ఎక్కువో చూసి ఆ రకం చెట్టే పెరట్లో నాటండి.