ఒక చుక్క పోయి బెటల్‌జ్యూస్ అయింది

నక్షత్రాల పేర్ల మాటెత్తితే చాలు, ఒకరు అన్నీ మన పంచాంగంలోనే ఉన్నాయంటారు, ఇంకొకరు అంతా గ్రీకుల గొప్పే అంటారు. ఆల్డెబరాన్, రైజెల్, డెనెబ్, ఆల్టేర్, వేగా ఇవన్నీ అరబ్బీ మాటలయ్యా అంటే ఇద్దరికీ కోపమే!

నా గొడవ వేరే. మనకు చెప్పే సైన్సు చరిత్ర రెండో శతాబ్దపు గ్రీకు ఖగోళ పండితుడు టాలెమీ దగ్గర ఆగి, దాదాపు 1400 ఏళ్ళు నిద్రపోయి, కోపర్నికస్ దగ్గర లేస్తుంది. మధ్యలో ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో అల్ సూఫీ అనే ఆయన టాలెమీ నక్షత్రాల పట్టికను ముందు పెట్టుకుని, ఏ చుక్క ఎంత వెలుగుతోందో తన కళ్ళతో మళ్ళీ చూసి, బొమ్మలతో సహా 964లో పుస్తకం రాశాడు. టాలెమీ గ్రంథాన్ని స్పెయిన్‌లోని టొలేడోలో 1175 ప్రాంతంలో లాటిన్‌లోకి దించింది కూడా అరబ్బీ నుంచే. టాలెమీ చాలా చుక్కలకు పేర్లు పెట్టలేదు, ఫలానా పక్షి తోకలోది అని గుర్తు చెప్పాడంతే. ఆ పక్షి అరబ్బీలో కోడిపెట్ట అయింది, దాని తోకే మన డెనెబ్.

బెటల్‌జ్యూస్ కథ ఇంకా తమాషా. అసలు పేరు యద్ అల్ జౌజా, అంటే జౌజా చెయ్యి (ఓరియన్ చుక్కల గుంపుకు అరబ్బులు పెట్టుకున్న పేరు జౌజా). అరబ్బీలో మాట మొదట వచ్చే 'య' కింద రెండు చుక్కలుంటాయి, 'బ' కింద ఒక్కటే. ఎవరో 'య'ని 'బ'గా చదివేశారు, తర్వాతి పండితులు ఆ తప్పును సమర్థించడానికి చంక అని అర్థం కూడా లాగారు. ఇప్పుడు ప్రపంచమంతా ఆ తప్పునే పలుకుతోంది.

పంచాంగం వాళ్ళకూ ఒక మాట. మన 27 నక్షత్రాల్లాగే అరబ్బులకు చంద్రుడి మజిలీలు 28. అశ్విని నుంచి లెక్కపెడితే రోహిణి నాలుగోది, వాళ్ళ లెక్కలో అల్ దబరాన్ (అదే ఆల్డెబరాన్) కూడా నాలుగోదే, చుక్క కూడా అదే! వెనకాలే వచ్చేది అని ఆ పేరుకు అర్థం, కృత్తికల వెనకాల అన్నమాట. (రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో దానికోసం వెతక్కండి, అప్పుడు సూర్యుడు అక్కడే ఉంటాడు. డిసెంబరు రాత్రుల్లో చూడండి, ఎర్రగా ఉంటుంది.)

మన పేర్లను పట్టించుకోలేదని ఏడ్చేవాళ్ళు అంతర్జాతీయ ఖగోళ సంఘం 2016 నుంచి ఖరారు చేస్తున్న జాబితా ఒక్కసారి తిరగేయండి. భరణి ఉంది, రేవతి ఉంది. కాకపోతే రేవతి ఎంత మసక చుక్కంటే హైదరాబాద్ లైట్ల మధ్య బైనాక్యులర్స్ లేకుండా కనబడదు, అది వేరే ఏడుపు.